పొద్దుతో మారే రుచి

పాలమూరు సీమలోని మక్తల్ చుట్టుపక్కల వాగు ఒడ్లనో, చెరువు కట్ట కిందో ఈత చెట్టు కనబడితే బోదె దగ్గర కాసేపు ఆగి చూడాలి. కుడి పక్క ఒక గాటు, దాని పైన ఎడమ పక్క ఇంకో గాటు, మళ్లీ కుడి పక్క. చూస్తే చెట్టు నిటారుగా పెరగకుండా అటో అడుగు, ఇటో అడుగు వేసుకుంటూ పైకి పోయినట్టుంటుంది. మామిడికో వేపకో గాటు పెడితే కొన్నేళ్లకు బెరడు పూడుకొచ్చి మచ్చ మాసిపోతుంది. ఈత, తాటి జాతులకు ఆ భాగ్యం లేదు. బోదె చుట్టూ కొత్త కట్టె పెంచే పొర వాటికి ఉండదు కాబట్టి, ఒకసారి పడిన గాటు చెట్టు బతికినన్నాళ్లూ అట్లాగే ఉంటుంది. ఒక ఏడు ఈ పక్క గీస్తే మరుసటేడు ఆ పక్క గీస్తారు. గాట్లు లెక్కబెడితే ఆ చెట్టు ఎన్ని చలికాలాలు కల్లిచ్చిందో తెలుస్తుంది. వాటి లోతు చూస్తే గీసిన చేతులు ఎట్లాంటివో తెలుస్తుంది. తన పని మంచిచెడ్డలు ఊరంతా చూసేట్టు వదిలిపెట్టాల్సి వచ్చే పనివాళ్లు మరీ ఎక్కువమంది ఉండరు.

ఫ్రాన్సు దక్షిణాన వైన్ గురించి చెప్పేవాళ్లు దాని వయసు ఏళ్లలో చెబుతారు. ప్రొవాన్స్ తీరంలోని బందోల్‌లో ఎర్ర వైన్ కనీసం 18 నెలలు చెక్క పీపాల్లో ఉండితీరాలని నియమం. తర్వాత సీసాలో ఇంకెన్నేళ్లు ఉంచితే ఎట్లా మారుతుందని అక్కడివాళ్లు వాదించుకుంటారు. మన కల్లు వయసు గంటల లెక్క. పొద్దున దిగింది మధ్యాహ్నానికి ఇంకొకటి, పొద్దుగూకేసరికి మరొకటి. మర్నాటికి అది తాగే సరుకే కాదు. గీత పనివాడి నేర్పంతా ఆ కొన్ని గంటలను చేతిలో పెట్టుకోవడంలో ఉంది. దాని పక్కన పెట్టుకునే తిండి సంగతి కూడా గడియారం చూసే తేల్చాలి. అది మాత్రం మనం ఎవరమూ సరిగా రాసుకోలేదు.

ముందు ఈత సంగతి. చలికాలం మొదలయ్యేసరికి చెట్టు తల కింద ఒక పక్క మట్టలు కొట్టేసి, పైతోలు చెక్కి, తెల్లటి మెత్తని భాగం బయటపడేట్టు చేస్తారు. దాన్ని కొన్నాళ్లు ఆరనిస్తారు. తర్వాతే అసలు గాటు. రెండు పక్కల నుంచి కిందికి దిగి ఒక చోట కలిసేట్టు గీసి, ఆ కలిసిన చోట చిన్న పుల్ల దిగ్గొట్టి, దాని కింద లొట్టి కడతారు. పొడి తెలంగాణ చలి రాత్రి బొట్టు బొట్టుగా ఆ పుల్ల మీంచి జారుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం ప్రతి గీతలోనూ ప్రమాదం ఉంది. ఈతకైనా తాటికైనా తల ఒక్కటే, కొత్త ఆకు పుట్టే మొవ్వు ఒక్కటే. కొమ్మలు లేవు, పక్క మొగ్గలు లేవు. మొవ్వుకు దెబ్బ తగిలితే చెట్టు చచ్చిపోతుంది. గీత కత్తి తిరిగేది ఆ మొవ్వుకు కొద్ది దూరంలోనే. పైపైన గీస్తే రసం రాదు, లోతుకు పోతే వచ్చే ఏటికి చెట్టు మిగలదు. ఈ రెంటికీ నడుమ ఉన్న ఆ సన్నటి జాగాలో కత్తి ఆపడం ఎవరూ పలక మీద రాసి నేర్పింది కాదు.

తాటిది వేరే విద్య. అక్కడ బోదెను ముట్టుకోరు, పూల గొలను గీస్తారు. తాటిలో ఆడ, మగ చెట్లు వేర్వేరు. మగదాన్ని పోతుతాడు అంటారు, కాయలు కాసేది పండుతాడు. చలి తగ్గుముఖం పట్టినప్పటి నుంచి పోతుతాళ్ల కల్లు, ఎండలు ముదిరేకొద్దీ పండుతాళ్ల కల్లు నడుస్తుంది. ఆకులు తయారుచేసిన చక్కెర పువ్వుకు, కాయకు పోవాల్సి ఉంటుంది. ఆ దారిలో గీత పనివాడు అడ్డుపడి కొంత తన లొట్టిలోకి మళ్లించుకుంటాడు. మగ చెట్టు గొలలు చీలికలుగా వస్తాయి. వాటిని కట్టగట్టి, చెక్కల మధ్య పెట్టి మెల్లగా నొక్కుతూ కొన్ని రోజులు మచ్చిక చేసుకోవాలి. పండుతాడైతే గెలలో కాయలు ముదరకముందే ఆ పని మొదలుపెట్టాలి. నొక్కుడు తక్కువైతే రసం కదలదు, ఎక్కువైతే గొల నలిగి కుళ్లుతుంది. అది కుదిరాక కొన గీయడం మొదలవుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కొందరు మధ్యాహ్నం కూడా ఎక్కుతారు. గీయకుండా వదిలేస్తే కోసిన ముఖం మూసుకుపోయి ధార ఆగిపోతుంది.

ఇక్కడే కత్తి విలువ తెలుస్తుంది. గీత కత్తి పొడుగు తక్కువ, వెడల్పు ఎక్కువ, అంచు మాత్రం చూపుకు ఆననంత పలుచన. దాన్ని రాయి మీదో, మెత్తటి రాతిపొడి చల్లిన చెక్క మీదో నూరుతూనే ఉంటారు. మొండి కత్తి గొల కొనను కోయదు, చిదుముతుంది. చిదిమిన చోట రసం తక్కువ, చెడు వాసన ఎక్కువ. మంచి చేయి ఒక్కో గీతకు ఉల్లిపొరంత ముక్క మాత్రమే తీస్తుంది. గొల పొడవే ఆ చెట్టు మీద పనివాడికున్న పెట్టుబడి. రోజూ రెండుసార్లు అందులోంచి ఖర్చుపెట్టాలి, సీజన్ చివరిదాకా మిగలాలి. మందంగా కోసేవాడి గొల నెల తిరగకముందే అయిపోతుంది. పలుచగా కోసేవాడు అదే గొలతో ఇంకా ఎన్నో రోజులు నడుపుతాడు. కిందినుంచి చూసే మనకు ఇద్దరూ చెట్టెక్కి దిగినట్టే కనిపిస్తారు.

ఎక్కడం గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు కాబట్టి దాన్ని సాగదీయను. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే మోకు, పాదాలకు వేసుకునే గుజి, నడుముకు కత్తులూ సామానూ పెట్టుకునే ముస్తాదు. ఈ మూడింటి మీద ఒక మనిషి పొద్దున లేచి చెట్టు తర్వాత చెట్టు ఎక్కుతాడు. ఎక్కేముందు తమ దేవుడు కాటమయ్యను తలుచుకుంటాడు. చూసేవాళ్లు ఆహా అనుకునే ఆ దృశ్యంలో ఎంత అందముందో అంత అన్యాయమూ ఉంది. మోకు జారి పడి నడుములు విరిగినవాళ్లున్న కుటుంబాలు ఈ సీమలో ఊరూరా ఉన్నాయి. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో కొత్త రకం తాళ్లూ పట్టీలూ ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పాత మోకులో ఉన్న సొగసు వీటిలో లేదని నిట్టూర్చేవాళ్లు ఒక్కసారి తామే ఆ మోకు వేసుకుని చూడాలని నా అభిప్రాయం.

ఇక లొట్టి. ద్రాక్ష రసం తొట్టెలో పోశాక పులియడం మొదలవుతుంది. కల్లు చెట్టు మీదే పులుస్తుంది. చెట్టు నుంచి వచ్చే రసంలో పది శాతానికి పైగానే చక్కెర ఉంటుంది. నిన్నటి కల్లు తాలూకు మడ్డి లొట్టి లోపలి గోడలకు అంటుకుని ఉంటుంది. అందులోని ఈస్ట్, ఇతర సూక్ష్మజీవులు కొత్త బొట్టు పడ్డ నిమిషం నుంచే పని అందుకుంటాయి. చక్కెర సారమవుతుంది, బొగ్గుపులుసు గాలి బుడగలై పైకి తేలుతుంది, పులుపు పుట్టించే సూక్ష్మజీవులు పక్కనే తమ పని తాము చేసుకుపోతుంటాయి. లొట్టిని మరీ శుభ్రంగా కడిగేస్తే ఆ రోజు కల్లు చప్పగా, ఆలస్యంగా తయారవుతుంది. అసలు కడగకపోతే పొద్దున్నే పుల్లబడుతుంది. ఎంత కడగాలి, ఎంత వదలాలి అనేది చలినీ ఎండనూ బట్టి మారుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. సాయంత్రం కట్టిన లొట్టిలో మొదట పడ్డ బొట్టుకు తెల్లారేసరికి పన్నెండు గంటల వయసు, ఆఖరి బొట్టుకు నిమిషం వయసు. ఒక రాత్రిలోని అన్ని వయసులూ ఒకే కుండలో కలిసి కిందికి దిగుతాయి. తీపి, పులుపు, బుడగ మూడూ ఒకేసారి నాలుకకు తగిలేది అందుకే. ఏ వైన్ దొరకైనా ఇట్లాంటి మేళవింపు కావాలంటే పెద్ద కొలతలు వేసుకోవాల్సి వస్తుంది.

దీనికి దగ్గరి చుట్టం ఒకటి దక్షిణ ఫ్రాన్సులోనే ఉంది. లాంగ్‌దాక్ ప్రాంతంలో లిమూ అనే చిన్న ఊరు. దాని పక్కన సాంత్ ఇలేర్ మఠంలో 1531 నాటికే బుడగల వైన్ చేశారని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అక్కడ ఇప్పటికీ పాత పద్ధతిలో ఒక రకం చేస్తారు: మొజాక్ అనే ద్రాక్ష రసం సగం పులిసిందో లేదో దాన్ని సీసాకెత్తి మూత బిగిస్తారు, మిగతా పులియడం లోపలే సాగుతుంది. చక్కెర పూర్తిగా సారం కాకముందే ఆగిపోతుంది. అందుకే సారం ఆరేడు శాతమే ఉంటుంది. తీపి, బుడగలు, కొంచెం మసక. మన కల్లులో సారం నాలుగైదు శాతం. అంటే పొద్దటి కల్లు తాగిన మనిషికి లిమూ సీసా ఇస్తే మూలం వేరైనా రక్తసంబంధం గుర్తుపడతాడు. వాళ్లు దాంతో తినే వాటిలో పెబ్రదూ అనేవి ఉన్నాయి, మిరియాలు దట్టించిన చిన్న ఉప్పు బిస్కట్లు. తియ్యటి బుడగల పానీయానికి ఉప్పూ కారమూ జోడీ అని లిమూ కనిపెట్టినట్టే మక్తల్ కూడా కనిపెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు.

మక్తల్ జోడీ గుడాలు. ఏడెనిమిది గంటలకు దిగిన కల్లు ఇంకా తీపి మీదే ఉంటుంది, నురగ తెల్లగా ఉంటుంది. ఆ వేళ కల్లు మండువలో కూర్చున్నవాడికి కావాల్సింది మాంసం కానే కాదు. అలసందలో శనగలో ఉప్పేసి ఉడకబెట్టి, పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తగిలించిన గుడాలు చాలు. ఉప్పు తీపిని వెనక్కి నెట్టి రసంలోని అసలు వాసన బయటికి తెస్తుంది. పిండి గింజ నోట్లో కొంచెం ఆగి తరువాతి గుక్కకు జాగా చేస్తుంది. పాలమూరు నేల ఇంకో ఉపకారం కూడా చేసింది. యాసంగి పల్లికాయ తీసే కాలమూ ఈత కల్లు దిగే కాలమూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. చేను నుంచి పీకిన పల్లికాయను ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, ఇంకా వేడిగా ఉండగానే తీపి కల్లుతో తింటే దానికి మించిన పొద్దటి పలారం ఈ ఎర్రమట్టి, నల్లమట్టి సీమలో లేదు. జొన్న కంకులు పాలు పోసుకుని గట్టిపడే రోజుల్లో కాల్చి నలిచిన ఊచబియ్యం కూడా అదే వేళకు చెందింది. ఒకే ఋతువులో, ఒకే గట్టు మీద పుట్టినవి పళ్లెంలో కొట్లాడుకోవు.

పదకొండు దాటితే లెక్క మారుతుంది. తీపి పలుచబడుతుంది, పులుపు ముందుకొస్తుంది, బుడగలు నాలుకను గుచ్చుతాయి. ఇది కొవ్వు వేళ. బోటి, తలకాయ కూర, కార్జం వేపుడు, నల్ల. వేడినీళ్లతో ఓపిగ్గా కడిగిన బోటిని అల్లం ఎల్లిగడ్డ, ధనియాలు, ఎండుకొబ్బరి, దండిగా కారం వేసి దగ్గరికి ఉడికిస్తే అంచులకు నూనె తేలుతుంది. ఆ నూనె పెదవులకు, అంగిటికి పట్టుకుంటుంది. పులిసిన కల్లు ఒక్క గుక్క దాన్ని కడిగేసి నోటిని మళ్లీ మొదటి ముద్దకు సిద్ధం చేస్తుంది. పులుపు, బుడగ రెండూ కలిసి చేసే పని అది. కారం విషయంలో కల్లుకు మరో మేలు ఉంది. పదమూడు పద్నాలుగు శాతం సారమున్న ఎర్ర వైన్‌ను మన కారపు కూరలతో తాగితే మంట ఇంకా మండుతుంది. సారమే మిరప ఘాటును ఎగదోస్తుంది. కల్లులో సారం తక్కువ, మిగిలిన తీపి ఎంతోకొంత ఉంటుంది. అందుకని మంట అదుపులో ఉంటుంది. పెద్ద హోటళ్లలో తెలంగాణ మాంసం కూర పక్కన ఖరీదైన ఎర్ర వైన్ పెట్టేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

ఈ వేళ జొన్న రొట్టె తప్పనిసరి. రాయచూరు పొరుగున ఉన్న ఈ తావులో రొట్టె పెద్దగా, పలుచగా, పొడిగా చేస్తారు. బియ్యపు అన్నం కల్లుతో కలిస్తే కడుపు బరువెక్కి మనిషి అక్కడే ఒరుగుతాడు. జొన్న రొట్టె కూర నూనెను పీల్చుకుంటుంది, తన రుచిని పైకి రానీయదు.

ఒక జోడీని మాత్రం నేను ఒప్పుకోను. పుంటికూర మాంసం గొప్ప కూరే, కాదనను. మధ్యాహ్నపు కల్లుతో మాత్రం దాన్ని తినకూడదు. రెండు పులుపులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చింతపండు పులుసులో వేసిన కృష్ణ చేపకు కూడా అదే మాట. భీమ వచ్చి కృష్ణలో కలిసే తంగిడి దగ్గర నుంచి జూరాల దాకా చేపకు కరువు లేని తీరం ఇది. ఆ చేపను పులుసు పెట్టుకుని అన్నంలోకి ఉంచుకోండి. కల్లు దగ్గరికి తెస్తే జూరాల కట్ట దగ్గర బండ్ల మీద వేయించి ఇస్తారు చూడండి, అట్లా ఉప్పూ కారమూ పట్టించి నూనెలో ఎర్రగా వేగిన ముక్కలు తీసుకురండి, అదీ పొద్దటి కల్లుకే.

పొద్దు వాలాక కల్లు గట్టిగా పుల్లబడుతుంది, కొందరికి అదే ఇష్టం. అప్పుడు వట్టి తునకలు. ఉప్పు, పసుపు పట్టించి ఎండలో ఆరబెట్టిన మాంసాన్ని నిప్పుల మీద కాల్చి నలగ్గొట్టి నములుతారు. ఆ ఉప్పుకు, ఆ నమలుడుకు ఆ పులుపు నిలబడుతుంది. ఇంకా మిగిలితే అది తిండికి దినుసుగా మారాల్సిన సరుకు. కేరళలో కొబ్బరి కల్లుతో అప్పం పిండి పులియబెడతారు. గోవాలో దాన్ని పూర్తిగా పులియనిచ్చి సిర్కా చేసి మాంసం కూరల్లో వాడతారు. మన దగ్గర మిగిలిన కల్లు మట్టిపాలవుతుంది. ఇన్ని వందల ఏళ్ల గీత విద్య ఉండి కల్లు సిర్కాతో ఒక్క పచ్చడి పెట్టుకోకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

గంటగంటకూ మారే ఈ గుణమే కల్లుకు రక్షణ కూడా. పాలమూరు పక్క కల్తీ కల్లు చేసిన చెరుపు చిన్నది కాదు. క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మత్తు మందులు కలిపి, శాకరిన్‌తో తీపి చేసి అమ్మిన నీళ్లకు అలవాటుపడి, ఒకపూట దొరక్కపోతే ఫిట్స్ వచ్చి, పిచ్చి చూపులు చూస్తూ ఆసుపత్రులకు వచ్చిన కూలి జనాన్ని ఇక్కడి డాక్టర్లు ఎందరినో చూశారు. చెట్లు ఎన్ని, దిగే కల్లు ఎంత, అమ్ముడయ్యేది ఎంత అని లెక్క వేస్తే సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. పొద్దున తాగినప్పుడు ఏ రుచి ఉందో రాత్రీ అదే రుచి ఉంటే, అది చెట్టు మీంచి దిగలేదని అనుమానించాలి. నిజమైన కల్లు అట్లా ఒక్క తీరుగా ఉండలేదు. అందుకే తెలిసినవాళ్లు కల్లు కాంపౌండ్‌కు పోకుండా గౌడన్న చెట్టు దిగే వేళకు వనం దగ్గరికే పోతారు. "పొద్దటిదా, నిన్నటిదా అన్నా?" అని అడుగుతారు. తాటాకు రేక పట్టి పోయించుకుంటారు. ఆకు వాసన కూడా అందులో కలుస్తుంది. ఎల్లమ్మకు సాక పోసేది కూడా చెట్టు కల్లే.

కాలాన్ని మొత్తానికే ఆపేసే పద్ధతి కూడా ఒకటి ఉంది. లొట్టి లోపల సున్నం పూస్తే రసం పులియదు. సున్నం పులుపును విరిచేస్తుంది, ఈస్ట్‌కు పని చేసే వాతావరణం దొరకదు. అట్లా దిగిందే నీరా. తియ్యటి, సారం లేని రసం. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు మీద 2023 మేలో నీరా కేఫ్ తెరిచారు. ఫ్రాన్సులో పిరెనీస్ కొండలు మధ్యధరా సముద్రంలోకి దిగే చోట బానియూల్స్ అనే వైన్ చేస్తారు. అక్కడివాళ్లు కూడా ఇట్లాగే పులియడాన్ని మధ్యలో ఆపుతారు, కాకపోతే వాళ్లు వాడేది ఘాటైన ద్రాక్ష సారా. అది పోస్తే ఈస్ట్ చచ్చి, ద్రాక్షలోని తీపి మిగిలిపోతుంది. ఆ వైన్ చాక్లెట్‌తో బాగుంటుందని పేరు, ఎందుకంటే చాక్లెట్‌లోని చేదు దాని తీపికి అడ్డంగా నిలబడుతుంది.

నీరాకు కూడా అట్లాంటి చేదే కావాలి. బోటి ముందర నీరా పెడితే రెండూ ఎడమొహం పెడమొహం. మిఠాయి పక్కన పెడితే తీపి మీద తీపి పడి నోరు వెగటుగా మారుతుంది. చలికాలంలో తాటి టెంకలు మొలకెత్తి వచ్చే గేగులను నిప్పుల్లో కాలిస్తే పైన పొగ వాసన, నడుమ పిండి, ఆఖర్న కొంచెం చేదు ఉంటాయి. ఈత నీరా దిగేదీ ఆ చలికాలమే. మక్తల్ సంతలో గేగులు కట్టలు కట్టలుగా దొరుకుతాయి. నీరా అమ్మే చోట ఒక కుంపటి పెట్టి వాటిని కాల్చి ఇస్తే, సీసాల పక్కన పేర్చిన చిప్స్ పొట్లాలు తీసేయొచ్చు.